హస్తవాసి

ఐదేళ్ళకోసారి పశువైద్యులందరూ మళ్ళీ బడికి రావాలన్నది రూలు. ఆ రూలు మీద ఎవరికీ పెద్ద గౌరవం లేదు. అనంతపురం వైపు ఒక బోడికొండ పక్కన కట్టిన పునశ్చరణ కేంద్రానికి వచ్చిన డాక్టర్లు మొదటిరోజు పాత స్నేహితుల్ని వాటేసుకునేవాళ్ళు. మర్నాటి నుంచి ఉపన్యాసాల్లో కునుకు తీసేవాళ్ళు. ఆఖరిరోజు సర్టిఫికెట్ పుచ్చుకుని బస్సెక్కేవాళ్ళు. డాక్టర్ విశాలాక్షి చాలా ఏళ్ళుగా అక్కడ పాఠాలు చెబుతోంది. తన గొంతు జోలపాటకి బాగా పనికొస్తుందని ఆమె తనమీద తనే జోకు వేసుకునేది.

ఆ ఉదయం మాత్రం ఎవరికీ నిద్ర రాలేదు.

హాలు వెనక రేకుల షెడ్డులో ఒక ఎర్రావు నిలబడి ఉంది. నడుం విల్లులా పైకి వంచి, మేత ముట్టకుండా, అడుగు తీసి అడుగు వేయడానికి జంకుతోంది. దాని మెడకి వెడల్పాటి పట్టీ కట్టి ఉంది. అలాంటిదే చిన్న పట్టీ ఒకటి విశాలాక్షి చేతిలో ఉంది.

"దీనికేమయిందో చెప్పండి," అంది.

ఒకరు అజీర్ణమన్నారు. ఇంకొకరు లోపలి జ్వరమన్నారు. ముందు నిలబడ్డ డాక్టర్ రంగస్వామి మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "దానికి నోరుంటే అదే చెప్పేది గదా మేడమ్! మనకీ తిప్పలే ఉండేటివి కాదు."

"నోరొచ్చింది సార్. మీరే వచ్చి వినండి."

పట్టీని అతని మెడవెనక కట్టింది. పక్కన పెట్టె దగ్గర కూర్చున్న ఇంజనీరు అన్వర్ బాషా మీట తిప్పాడు. రంగస్వామి నవ్వు సగంలో ఆగిపోయింది. చెయ్యి రొమ్ము ఎముక కిందికి పోయింది. అచ్చం ఆ ఆవు వంగినట్టే నడుం పైకి లేపి వంగాడు.

"ఈడ... ఈడేందో గుచ్చుకుంటాంది. ఊపిరి తీసుకోలేకుండా ఉండా. తియ్యండప్పా, తియ్యండి!"

అన్వర్ గబుక్కున మీట వెనక్కి తిప్పాడు. ఆ సాయంత్రం ఆవు కడుపు కోస్తే, మేతతో పాటు మింగిన తీగముక్క ఒకటి రంగస్వామి చెయ్యి పెట్టిన చోటనే బయటపడింది.

"మీకు తెలిసింది దాని నొప్పిలో పదో వంతు మాత్రమే," అంది విశాలాక్షి.

ఆ పరికరానికి తోడుపట్టీ అని పేరు పెట్టింది ఆమే. పశువు నరాల్లో పోతున్న కబురుని మనిషి నరాలకు అర్థమయ్యేట్టు మార్చి అందించడం అన్వర్ పని. ఏ నొప్పికి ఏ జబ్బు అని జత చేసి పాఠంగా అల్లడం ఆమె పని. ఇద్దరూ కలిసి తమ వయసులో మంచి భాగమంతా దాని మీదే పెట్టారు.

డాక్టర్లలో ఆఖరి వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఆమె భర్త ఓబులేసు. ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే తరగతిలో చదివారు. ఆమె పాఠాల వైపు వచ్చింది. అతను పల్లెల వైపు పోయాడు. అతని మండలంలో గొడ్డుకి జబ్బు చేస్తే మందు పేరు ఎవరూ అడగరు, "ఓబులేసు సారు చెయ్యేసినాడా?" అని అడుగుతారు. దొడ్లో కాలు పెడుతూనే, ఆవుని ముట్టుకోకముందే, జబ్బు ఎక్కడుందో సగం చెప్పేస్తాడని పేరు.

మర్నాడు మధ్యాహ్నం అతని వంతు వచ్చింది. కొమ్ము మొదట్లో క్యాన్సర్ పుట్టిన ముసలి ఎద్దు. అందరూ గుటక వేసేంతలో పట్టీ పీకేస్తే ఓబులేసు మాత్రం పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు.

"ఇంకొంచెం పెంచప్పా అన్వర్."

"చాలు సార్, మంచిది కాదు."

"ఇన్నేండ్లూ దీని గురించి నేననుకున్నది నిజమో కాదో చూసుకోవల్ల. పెంచు."

అన్వర్ విశాలాక్షి వంక చూశాడు. ఆమె తల ఊపింది. తన పట్టీ విలువ తెలిసిన మనిషి తన మొగుడే అయినందుకు ఆ క్షణాన ఆమెకి గర్వంగానే ఉంది.

పట్టీ తీశాక ఓబులేసు షెడ్డు వెనక్కిపోయి చాలాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఆ ఏడాది తోడుపట్టీ పేరు మోగిపోయింది. మత్తు ఇవ్వకుండా కొమ్ములు కోసే డాక్టర్లు, మత్తు ఇవ్వకుండా కోడెల బీజాలు నొక్కే డాక్టర్లు ఇంటికి పోయాక ఆ పని చేయలేకపోయారు. మందుల గదుల్లో మత్తు సూదులు ముందు అయిపోవడం మొదలైంది. పక్క రాష్ట్రాల నుంచి మనుషులొచ్చి చూసిపోయారు. నొప్పి పాఠంలో పట్టీ కట్టుకోనివాళ్ళకి సర్టిఫికెట్ లేదని కేంద్రం డైరెక్టర్ ప్రహ్లాదరావు కొత్త నిబంధన పెట్టించాడు. ఆ పాఠం తర్వాత భోజనాల దగ్గర డాక్టర్లు నెమ్మదిగా మాట్లాడుకునేవాళ్ళు. దూరంగా కూర్చుని ఆ నెమ్మదిని వినడం విశాలాక్షికి ఇష్టంగా ఉండేది.

ఇంట్లో ఓబులేసు కూడా నెమ్మదించాడు. ముందు ఆమె పెద్దగా పట్టించుకోలేదు. అన్నం ముందు కూర్చుని దవడ పట్టుకునేవాడు. పంటినొప్పి అనేవాడు. డ్యూటీకి పోతున్నానని బయల్దేరి ఒక్కోసారి ఊరి చివర కల్వర్టు మీద కూర్చుని వచ్చేస్తున్నాడని ఎవరో చెప్తే నమ్మలేదు.

ఒక ఆదివారం ఇద్దరూ కూరగాయలకి పోయారు. మార్కెట్టు మలుపులో మంద రోడ్డు దాటుతుంటే ఒక గొర్రె కాలు ఆటో చక్రం కింద పడింది. గొర్రె అరిచింది. దానికంటే గట్టిగా ఓబులేసు అరిచాడు. సంచీ వదిలేసి, మోకాలి కింద రెండు చేతులతో పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. టమాటాలు దొర్లిపోయాయి. విశాలాక్షి ప్యాంటు పైకి లాగి చూసింది. చర్మం మీద గీత కూడా లేదు.

"పట్టీ లేదు కదా!" అంది. ఆమె నోటికి వచ్చిన మొదటి మాట అదే.

"పట్టీ అవసరం లేదిప్పుడు," అన్నాడు, పళ్ళ సందుల్లోంచి.

ఇంటికొచ్చాక చెప్పాడు. ఎండాకాలం నుంచీ అంతేనట. కుంటుతున్న ఆవుని చూస్తే మడమ నొప్పి. పొదుగువాపు చూస్తే రొమ్ములో మంట. కన్ను తిప్పుకుంటే తగ్గుతుంది, కానీ కన్ను తిప్పుకుని వైద్యం ఎలా చేయడం?

"నాకేంటికి చెప్పలేదు?"

"నీ పట్టీ గదా విశాలా. లోకమంతా దాన్ని పొగుడుతాంటే నేనేమని చెప్పేది? నాకొక్కనికే అట్లయిందేమో అనుకుంటి."

మర్నాడు అతన్ని ల్యాబుకి తీసుకుపోయింది. అన్వర్ అతని తలకి తీగలు అంటించి, తెరమీద పశువుల బొమ్మలు ఒక్కొక్కటే చూపించాడు. ఆరోగ్యంగా ఉన్న ఆవు వచ్చినప్పుడు పెట్టె మీద గీత నిశ్చలంగా ఉంది. కుంటి ఆవు రాగానే గీత ఎగిరిపడింది. ఓబులేసు కాలు దానంతటదే ముడుచుకుంది.

"నాకూ పెట్టు," అంది విశాలాక్షి. పట్టీని అందరికంటే ఎక్కువసార్లు కట్టుకున్నది ఆమే.

అవే బొమ్మలు. ఆమె గీత కదల్లేదు. అన్వర్ మళ్ళీ మొదటి నుంచీ చూపించాడు. కదల్లేదు.

"నాకెందుకు లేదు అన్వర్?"

అన్వర్ తీగలు చుట్టుకుంటూ ఆమె వంక చూడకుండా అన్నాడు. "పశువును చూస్తానే యాడ నొప్పుండాదో కనిపెట్టే కండ్లు మేడమ్, సారువి. పట్టీ ఒక దోవ తెరిచింది. పట్టీ తీసేసినా ఆ కండ్లు అదే దోవలో పోతాండాయి. ఆ చూపు లేనోళ్ళకి పట్టీ తీస్తానే దోవ మూసుకపోతాది. మీరు... మీరు తరగతి గదిలోకొచ్చి చాన్నాళ్ళయింది గదా."

ఆమెకి ఆ మాట గుచ్చుకుంది. దానివెనకే వచ్చిన ఆలోచన ఇంకా లోతుగా దిగింది. శిక్షణ పొందిపోయిన డాక్టర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఎలా ఉన్నారంటే బాగున్నామన్నారందరూ. అప్పుడు తన భర్త రోడ్డు మీద పడిపోయిన సంగతి ముందు చెప్పి, తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఒకతను ఏడ్చాడు. ఒకామె సెలవు పెట్టి పుట్టింటికి పోయింది. ఇంకొకతను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, అసిస్టెంటు చెప్పింది విని మందు రాసిస్తున్నాడు. వాళ్ళంతా చేతిలో పనితనం ఉన్నవాళ్ళని, ఊళ్ళవాళ్ళు ఏరికోరి పిలుచుకునేవాళ్ళని పేర్లు వరసగా రాసుకుని చూస్తే ఆమెకి తెలిసిపోయింది.

రంగస్వామి మాత్రం గట్టిగా నవ్వాడు. "నాకేం మేడమ్, గుండ్రాయి మాదిరి ఉండా!" మోటారుసైకిలు దిగకుండానే గొడ్డుకి మందు చెప్పే మనిషని అతనికి పేరు.

ఆమె ప్రహ్లాదరావు గదికి పోయి, పాఠం ఆపమని అడిగింది.

"ఏదో కొంతమందికి తేడా చేసిందని ఇంత మంచిపనిని ఆపేస్తామా అమ్మా?" అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ. "మూగజీవాలకి ఎంత మేలు జరిగిందో మీరే కదా ఊరూరా చెప్పారు. మోతాదు తగ్గిద్దాం. కమిటీ వేద్దాం."

"దెబ్బతిన్నవాళ్ళు కొంతమందే సార్. కానీ వాళ్ళు మనకున్న మంచి డాక్టర్లు."

"కమిటీకి చెప్పండి," అన్నాడాయన.

కమిటీ ఇంకా కూర్చోకముందే, ముసురు పట్టిన ఒక ఉదయాన సంజమ్మ వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. పక్కపల్లె మనిషి. నెత్తిన గోనెసంచి కొప్పెర వేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో ఉంది.

"సారూ, నా ఎనుము రేత్రి నుంచీ నొప్పులు తీస్తాంది. దూడ రాలేదు. కాలొక్కటి కనపడి లోపలికి పోయింది. లెయ్ సారూ, పోదాం."

ఓబులేసు సెలవులో ఉన్నాడు. ఎందుకన్నది ఊళ్ళకి తెలీదు. "నేను రాలేనమ్మా. ఒంట్లో బాగలేదు. పై ఆసుపత్రికి ఫోను చేస్తా."

"వాళ్ళు టౌను నుంచి వచ్చేలోగా అది యాడుంటాది? మా ఇంట్లో దాని తల్లి ఈనింది నీ చేతి మీదే, అది పుట్టింది నీ చేతి మీదే. నీకు జరమొస్తే నేను గొడుగు పడతా, రా సారూ."

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. విశాలాక్షి అడ్డం చెప్పలేదు. మందుల పెట్టె తనే పట్టుకుంది.

కొట్టం ఇంకా కనబడకముందే అతని నడక మారింది. ఇప్పుడు చూపు కూడా అక్కర్లేకపోయింది; గేదె మూలుగు వినగానే పొత్తికడుపు పట్టుకుని, గుమ్మానికి ఇవతల ఉన్న రోలు మీద కూర్చుండిపోయాడు. సంజమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"నా వల్ల కాదు విశాలా. నువ్వు చెయ్యి పెట్టు."

"నేనా? నేను చివరిసారి ఈ పని చేసి..."

"నేను చెప్తా. నాకు తెలుస్తాంది గదా. చెయ్యి పెట్టు."

ఆమె మోచేతుల పైదాకా సబ్బు రాసుకుంది. మత్తు సూది వేసింది. అది కొంత తగ్గించిందేగానీ కాన్పు నొప్పిని ఆపలేదు. చెయ్యి లోపలికి పోగానే, ఇన్నేళ్ళుగా తెరమీద రంగురంగుల బొమ్మల్లో చూపించిన ప్రతిదీ వేడిగా, జారుడుగా, చీకటిగా కలగలిసిపోయింది. ఏది కాలో ఏది తలో తెలీలేదు.

"తల వెనక్కి తిరిగుండాది," అన్నాడు ఓబులేసు, కళ్ళు మూసుకుని. "ఎడమ పక్కకి. నాకు ఎడమ డొక్కలో ఒత్తుకుంటాంది. ఆ కాలు వదిలెయ్. దూడని ముందు లోపలికి నెట్టు. నొప్పి ఆగినప్పుడు నెట్టల్ల. ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... ఆ, ఇప్పుడు!"

ఆమె నెట్టింది. వేళ్ళకి మూతి తగిలింది. తడి ముక్కు, చిన్న నాలుక. వేలు నోట్లో పెడితే నాలుక సన్నగా కదిలింది.

"బతికుండాది!" అని అరిచింది. సంజమ్మ చేతులు జోడించింది.

మళ్ళీ నొప్పి వచ్చింది. గేదె కటిఎముక ఆమె ముంజేతిని రోకలిలా నొక్కింది. వేళ్ళు తిమ్మిరెక్కి మూతి జారిపోయింది. మళ్ళీ వెతికింది, మళ్ళీ దొరికింది, మళ్ళీ జారింది. చేతిలో సత్తువ అయిపోతోంది. బయట ఓబులేసు రోలు మీంచి బురదలోకి జారి, మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని మాటల్లో సగం మూలుగుల్లో కలిసిపోతున్నాయి. ఎలాగో దవడకి తాడు ఉచ్చు తగిలించింది. ఇంక ఆగలేకపోయింది. ఇతను ఇంకొంచెంసేపు ఇలా ఉంటే ప్రాణం పోతుందన్న భయం ఒకటి, లోపల ఆ నాలుక ఆగిపోతుందేమోనన్న భయం ఒకటి. తాడు బిగబట్టి లాగింది.

"వద్దు! లాగొద్దు! తల పూర్తిగా తిరగలే..."

అంతలోనే అతను పెద్దగా కేకేశాడు. ఆమె చేతికి ఇంకా ఏమీ తెలీలేదు. "చినిగింది," అన్నాడు. ఆ తర్వాత ఆమె మోచేతి మీదుగా వెచ్చగా నెత్తురు దిగింది.

దూడ బయటికి వచ్చేసరికి దానిలో ఊపిరి లేదు. గేదె ముందుకాళ్ళ మీద ఒరిగి, నెమ్మదిగా పక్కకి వాలింది. గర్భసంచి చినిగినచోటు కుట్లు వేయడానికి చెయ్యి అందేది కాదు. విశాలాక్షి చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడిపోయింది.

ఓబులేసు బురదలో పాకుతూ లోపలికొచ్చాడు.

"నువ్వు పో," అందామె ఏడుస్తూ. "దూరంగా పో. అది పోతాంది. నువ్వు చూడొద్దు."

"ఇంతసేపూ నాతో మాట్లాడింది. ఇప్పుడెట్ల వదిలేసి పోయేది?"

గేదె మెడమీద తల పెట్టి పడుకున్నాడు. రెండు ఊపిరులూ కలిసి పైకి లేచాయి, కలిసి దిగాయి. ఒకటి ఆగిపోయింది. రెండోది కూడా ఆగిందనుకుని ఆమె అతని భుజం పట్టి కుదిపింది. అతను కళ్ళు తెరిచాడు. మొహంలో బాధ లేదు. ఏదీ లేదు.

"ఏం లేదు," అన్నాడు. "ఏమీ తెలీడం లేదు, విశాలా."

సంజమ్మ తిట్టలేదు. చెంగుతో ఓబులేసు మొహం మీద బురద తుడిచింది. తర్వాత గేదె దగ్గర చతికిలబడి, ఎవరితోనూ కాకుండా అంది. "ఆయప్ప చెయ్యి పెట్టింటే బతికేది."

ఇంటికొచ్చిన రెండోనాటి పొద్దున విశాలాక్షికి వంటింట్లోంచి కాలిన వాసన వచ్చింది. ఓబులేసు పొయ్యి మీది టీగిన్నెని వట్టిచేత్తో దించి గ్లాసుల్లోకి పోస్తున్నాడు. అరచెయ్యి తోలు గిన్నెకి అంటుకుంది. చక్కెర ఎంత వేయాలని అడిగాడు. ఆమె గిన్నె లాగేసి చెయ్యి నీళ్ళల్లో పెట్టి ఏడుస్తుంటే, ఎందుకేడుస్తోందో అర్థంకానట్టు చూశాడు.

నరాలు బాగానే ఉన్నాయన్నారు పెద్దాసుపత్రిలో. అన్వర్ తన పెట్టె తెచ్చి చూశాడు. "దోవ మూసుకపోయింది మేడమ్. ఆ పక్కా, ఈ పక్కా. పశువు నొప్పీ రాదు, సారు నొప్పీ రాదు. ఓర్చుకోలేక లోపల్నుంచే గడియ పెట్టేసినట్టుండాది." ఆ గడియ ఎప్పుడైనా తెరుచుకుంటుందా అని ఆమె అడగలేదు.

కొత్త బ్యాచి వచ్చింది. హాలు నిండా కుర్చీలు, సమోసాల వాసన, పాత స్నేహితుల కేకలు. వెనక గోడ దగ్గర ప్రహ్లాదరావు నిలబడ్డాడు. విశాలాక్షి తెర వేయలేదు. పట్టీని బల్లమీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. గొర్రె కాలు, సంజమ్మ గేదె, తన చేతిలో తాడు, టీగిన్నె. చెప్పడం అయ్యాక, కట్టుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి అంది.

ముందు వరసలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి లేచింది. "మేడమ్, నేను కట్టుకుంటే నాకేమవుతుంది?"

"నువ్వు మంచి డాక్టరువైతే చెడిపోతావు తల్లీ. కాకపోతే ఏమీ కాదు."

ఆ అమ్మాయి కట్టుకోలేదు. ఆ రోజు ఎవరూ కట్టుకోలేదు. కట్టుకోనందుకు తాము మంచి డాక్టర్లమనుకుంటున్నామా, భయస్తులమా అన్నది తేల్చుకోలేనట్టు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా భోజనాలకు పోయారు. తర్వాతి బ్యాచికి వేరే లెక్చరర్ వచ్చాడు. మోతాదు ఇరవయ్యో వంతుకి తగ్గించి పాఠం మళ్ళీ మొదలుపెట్టారని అన్వర్ ఫోన్లో చెప్పాడు. అతను అక్కడ పని మానేశాడు.

విశాలాక్షి భర్త మండలానికి బదిలీ అడిగింది. పల్లెకి రావడానికి పోటీ ఎవరుంటారు, వెంటనే ఇచ్చారు. తెల్లారి ఆరింటికే దొడ్లలో మొదలయ్యేది ఆమె పని. చేతికి నేర్పు తొందరగా రాలేదు. ఓబులేసు అయితే బతికించే గొడ్లు కొన్ని ఆమె చేతిలో పోయాయి. జనం మొహం మీద అనరు, కానీ జీపు ఆగగానే ఆమెని దాటి వెనక చూసేవాళ్ళు. "సారు దిగడా అమ్మా?" సంజమ్మ ఊరు దాటాల్సి వచ్చినప్పుడల్లా ఆమె ఆ ఇంటి వైపు చూడకుండా దాటేది.

ఓబులేసుని ఇంట్లో ఒంటరిగా వదలడం భయం. నిప్పు తెలీదు, ముల్లు తెలీదు. అందుకని వెంట తీసుకుపోయేది. అతను జీపులోనో అరుగుమీదో కూర్చుని ఊరికే చూస్తుండేవాడు. పశువుల గురించి మాటే ఎత్తేవాడు కాదు. ఆమె అడగడం మానేసింది.

చలికాలం చివర్లో ఒకనాడు, కంచెకి చీరుకున్న ఆవు తొడకి కుట్లు వేయాల్సి వచ్చింది. మత్తు సూది వేసింది. కాసేపాగి, సూదిదారం తీసి గాయం అంచు పట్టుకుంది.

"ఇప్పుడే వద్దు," అన్నాడు అరుగుమీంచి ఓబులేసు. "అది ఇంకా మొద్దుబారలేదు."

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. గబుక్కున వెనక్కి తిరిగింది. "నీకు... నొప్పి తెలిసిందా?"

"లేదు." తన తొడమీద చెయ్యి వేసి, నిజంగానే వెతికినట్టు తడుముకుని చూసుకున్నాడు. "నాకేం తెలీలేదు. దాని చెవులు చూసినా. ఇంకా వెనక్కి పెట్టుకొనే ఉండాది చూడు."

ఆమె ఆవు చెవుల వంక చూసింది. ఎంత చూసినా, ఆమెకి అవి మామూలు చెవుల్లాగే ఉన్నాయి.

"యాడ చూడాల్నో చెప్పు," అంది.

అతను అరుగు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. కాలిన మచ్చ ఉన్న అరచేతిని ఆవు మొహం దగ్గర పెట్టి, చెవి మొదలు చూపించాడు. ఇద్దరూ దాని చెవులు వాలేదాకా చూస్తూ నిలబడ్డారు.